ఎన్ని బండలు చాలు?

కర్నూలు, కడప ప్రాంతంలో ఇల్లు కట్టుకునేవాళ్లు నేలకు చెక్క పరిపించాలని సాధారణంగా అనుకోరు. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే సీమలో కాళ్లకు చల్లగా తగిలేది నాపరాయి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నుంచి, ఇటు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి వచ్చే బండే ఇంటికి నేల, వంటగట్టు, గోడలో అర, పెరట్లో తొట్టి. కొన్ని ఊళ్లలో నిలువుగా పాతిన బండలే దొడ్డికి ప్రహరీ. అందుకే ఇక్కడ ఇల్లు కట్టే ప్రతి కుటుంబానికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది: గది చతురస్రంగానో దీర్ఘచతురస్రంగానో లేకుండా ఒక గోడ వాలుగా పోయి, ఒక మూల లోపలికి తొలుచుకుపోయి ఉంటే, దానికి ఎన్ని బండలు కొనాలి? చూడ్డానికి ఇది మేస్త్రీ లెక్క. కానీ మన మతాలన్నీ తలో రకంగా అడుగుతూ వచ్చిన 'మనిషికి ఎంత ఉంటే చాలు' అనే ప్రశ్న ఇంత స్పష్టంగా నిలబడే చోటు మరొకటి దొరకడం కష్టం. డబ్బు ఎంత ఉంటే చాలో, పేరు ఎంత వస్తే చాలో కొలవడానికి టేపు లేదు. నేలకు ఉంది. కొలవగలిగిన చోట కూడా 'చాలు' అనే మాటను మనం నిజాయితీగా పలకలేకపోతే, కొలవలేని చోట పలుకుతామని నమ్మడం కష్టం. అపరిగ్రహం, అంటే అవసరానికి మించి పోగేసుకోకపోవడం, తక్కువ కొనడంతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది సరిగ్గా కొలవడంతో మొదలవుతుందని నా వాదన.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే వాదనకు ఆధారం అందులోనే ఉంది. ఒక గది ఉందనుకుందాం. ఎదురెదురు గోడలు ఒకటి 14 అడుగులు, ఇంకొకటి 18 అడుగులు. వాటి మధ్య దూరం 12 అడుగులు. నాలుగో గోడ వాలుగా పోతుంది. దీనికి ఆనుకుని 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న చిన్న మూల ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. తొందరలో ఉన్నవాళ్లు ఎక్కువ పొడవు 18ని, ఎక్కువ వెడల్పు 17ని గుణించి 306 చదరపు అడుగులని రాసేసుకుంటారు. ఓపిక ఉన్నవాళ్లు గదిని ముక్కలుగా విడగొడతారు. వాలుగోడ ఉన్న భాగానికి 14, 18ల సగటు 16ని 12తో గుణిస్తే 192. చిన్న మూలకు 30. మొత్తం 222 చదరపు అడుగులు. కోతకు, విరిగిపోయేవాటికి, రేపు ఒక బండ పగిలితే మార్చుకోవడానికి పదో వంతు కలిపితే 244. రెండడుగుల చదరపు బండ ఒకటి నాలుగు చదరపు అడుగులు కనక 61 బండలు చాలు. తొందర లెక్క ప్రకారమైతే 77 బండలు కావాలి. బండలను గోడలకు ఏటవాలుగా పరిపించుకుంటే అంచుల్లో కోత పెరుగుతుంది, అప్పుడు పదో వంతు బదులు పదిహేను శాతం కలపడం న్యాయం. ఎంత కలిపినా ఆ కలిపినదానికి ఒక కారణం చెప్పగలగాలి. అసలు విషయం అక్కడే ఉంది.

ఎందుకంటే పై రెండు లెక్కల్లోనూ గది నేలకు మించిన రాయి ఉంది. మొదటి లెక్కలో 84 చదరపు అడుగులు ఎక్కువ, రెండో లెక్కలో 22 ఎక్కువ. 'రెండూ ఎక్కువే కదా, తేడా కొలతలోనే కదా' అని అనిపించవచ్చు. తేడా కొలతలో లేదు, స్వభావంలో ఉంది. ఆ 22 అడుగులు మనకు తెలియనిదాన్ని ఒప్పుకోవడం వల్ల వచ్చాయి: ఏ బండ కోతలో చీలుతుందో, ఏ అంచు ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ 84 అడుగులు తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోకపోవడం వల్ల వచ్చాయి. ఒకటి వినయం, మరొకటి అశ్రద్ధ. లోకంలో అవసరానికి మించి పోగుపడే సరుకులో పెద్ద భాగం దురాశతో వచ్చింది కాదని నా అభిప్రాయం; ఎవరూ కూర్చుని కొలవకపోవడంతో వచ్చింది. దురాశకు కనీసం తనకేం కావాలో తెలుసు. అశ్రద్ధకు అది కూడా తెలియదు, అందువల్ల దానికి హద్దూ ఉండదు. నీతి చెప్పేవాళ్లు దురాశను తిట్టినంతగా అశ్రద్ధను తిట్టరు గానీ, మిగిలిపోయే సరుకు దృష్ట్యా చూస్తే రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది.

కొలవడాన్ని ఇంత పవిత్రంగా చూడడం అతిశయోక్తి అనిపిస్తే, వైదిక సంప్రదాయం ఒక వింత ఆకారపు నేలను ఎలా కొలిచిందో గుర్తు చేసుకోవాలి. అగ్నిచయన యజ్ఞంలో డేగ ఆకారంలో కట్టే వేదిక శ్యేనచితి. రెక్కలు, తోక, మొండెం అన్నీ ఉన్న ఆ ఆకారం దీర్ఘచతురస్రానికి ఎంత దూరమో చెప్పక్కర్లేదు. అయినా దాని వైశాల్యం ఏడున్నర చదరపు పురుషలు (మనిషి ఎత్తును బట్టి పెట్టిన కొలత) ఉండాలి, ఒక్కో వరుసకు 200 ఇటుకలు రావాలి, ఐదు వరుసలకు కలిపి సరిగ్గా వెయ్యి కావాలి. పైగా ఒక వరుసలోని అతుకు కింది వరుస అతుకు మీద పడకూడదు. ఇందుకోసమే శుల్బసూత్రాలు పుట్టాయి. ఆపస్తంబ సూత్రాన్ని అనుసరించే కుటుంబాలు తెలుగునాట చాలా ఉన్నాయి కనక ఇది మనకు పరాయి విద్యేమీ కాదు. ఇక్కడ నన్ను పట్టి నిలిపేది ఆ కచ్చితత్వం ఒక్కటే కాదు. ఇటుక ఎండేటప్పుడు, కాలేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది. అలా తగ్గినంత మేర విడి మట్టితో పూడ్చమంటాడు శుల్బసూత్రకారుడు బౌధాయనుడు, మట్టికి నియతమైన పరిమాణం లేదు కాబట్టి. వెయ్యికి ఒక్క ఇటుక తగ్గినా హెచ్చినా ఒప్పుకోని శాస్త్రమే, పదార్థం తన లెక్కకు లొంగని చోటు ఒకటి ఉంటుందని ముందే గుర్తించి దానికీ నియమం రాసింది. ఎక్కడ కచ్చితంగా ఉండాలో, ఎక్కడ వదులు ఇవ్వాలో రెండూ ఒకే బుద్ధి నిర్ణయించింది. మేస్త్రీ కలిపే పదో వంతుకు ఇంతకంటే పాత సమర్థన నాకు తెలియదు.

ఇదే ప్రశ్నకు జైనం మరింత సూటిగా జవాబిచ్చింది, ఆ జైనం ఈ నేల మీద బతికిన మతం. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడు రాష్ట్రకూటుల కాలంలో జైన క్షేత్రం. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల్లో ఒకప్పుడు జైన, బౌద్ధ సన్యాసులు ఉండేవారని చెబుతారు. ఆ గుహలు ఏర్పడింది కూడా మనం ఇళ్లలో పరుచుకునే సున్నపురాతి జాతిలోనే. జైనం గృహస్థుకు విధించిన ఐదు అణువ్రతాల్లో చివరిది పరిగ్రహ పరిమాణం. పేరులో చెప్పినట్టే, ఏమీ ఉంచుకోవద్దని అది అనదు. పొలం, ఇల్లు, బంగారం, ధాన్యం ఏది ఎంత ఉంచుకుంటావో నువ్వే కొలత నిర్ణయించుకో, ఆ కొలత దాటకు అంటుంది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో ఈ వ్రతానికి భంగం కలిగించేవాటిని చెప్పినప్పుడు వస్తువులు కలిగి ఉండడాన్ని చెప్పలేదు, పెట్టుకున్న ప్రమాణాన్ని దాటడాన్నే చెప్పాడు. దీనికి తోడుగా అనర్థదండ విరతి అనే ఇంకో వ్రతం ఉంది: ప్రయోజనం లేని హింసను మానడం. సమంతభద్రుడి రత్నకరండ శ్రావకాచారం ఇందులో ఊరికే భూమి తవ్వడం, ఊరికే నీళ్లు పారబోయడం, ఊరికే నిప్పు రాజేయడం, ఊరికే చెట్టు కొట్టడం చేర్చింది. అశ్రద్ధ వల్ల జరిగే పనులుగానే వాటిని లెక్కించింది. ఎవరి ఇంట్లోనూ పరవని 84 అడుగుల రాయి కోసం గనిలో తవ్విన గుంత ఈ నిర్వచనానికి సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. అపరిగ్రహం యోగులకు, మునులకు చెప్పిన ధర్మం. పతంజలి దాన్ని యమాల్లో చేర్చింది సాధకుల కోసం. ఇల్లు కట్టుకునే సంసారి మీద దాన్ని రుద్దితే ఇంట్లో మంచం కూడా మిగలదు అంటారు. మునికి చెప్పిన అపరిగ్రహాన్ని గృహస్థుకు యథాతథంగా చెబితే ఈ మాట నిజమే. అందుకే జైనులు మహావ్రతాన్నీ అణువ్రతాన్నీ వేరు చేశారు. మునికి కొలతతో పని లేదు, ఎందుకంటే ఆయన దగ్గర కొలవడానికి ఏమీ లేదు. గృహస్థుకే కొలత కావాలి. ఒక రకంగా గృహస్థు పనే కష్టం: ముని ఒక్కసారి వదిలేస్తాడు, గృహస్థు మాత్రం ప్రతి కొనుగోలు దగ్గరా 'ఇంత అవసరం, ఇంత కాదు' అని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం మానేసి, అపరిగ్రహం సన్యాసులదని సరిపెట్టుకోవడమంటే తనకు విధించిన చిన్న వ్రతాన్ని తప్పించుకోవడానికి పెద్ద వ్రతాన్ని అడ్డుపెట్టుకోవడమే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. నాపరాయి ఖరీదైన వస్తువేమీ కాదు. నా డబ్బు పెట్టి కొన్నాను. నాలుగు బండలు పెరట్లో పడి ఉంటే ఎవరికి నష్టం? ధర్మం అంటే పెద్ద విషయాలకు గానీ ఇలాంటివాటికి కాదు. దీనికి జవాబు కావాలంటే ధర చూడకుండా రాయిని చూడాలి. కడప పేరే భూగర్భశాస్త్రంలో ఒక పెద్ద శిలాక్షేత్రానికి పేరు. భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణుల మీద 1872లో విపులమైన గ్రంథం వెలువరించాడు. ఈ సున్నపురాయి ఒకప్పటి సముద్రగర్భంలో పొర మీద పొర పేరుకుని ఏర్పడింది, డైనోసార్ల కంటే ఎంతో ముందు. పొరలుగా పేరుకుంది కాబట్టే ఈరోజు ఉలి పెడితే పొరలుగా విడిపోయి నేలకు పనికొస్తోంది. చెక్క నేల విషయంలో కనీసం ఒక ఊరట ఉంది: కొట్టిన టేకుకు బదులు ఇంకో టేకు నాటవచ్చు, మనవళ్ల నాటికి అది మానవుతుంది. తవ్విన నాపరాయికి బదులు నాటేదేమీ లేదు. గనిలో తీసిన రాయి ధర మనిషి శ్రమను, లారీ కిరాయిని, పన్నును లెక్కిస్తుంది. రాయి ఏర్పడడానికి పట్టిన కాలం బిల్లులో ఎక్కడా కనబడదు. వస్తువు చవకగా దొరుకుతోందంటే దాని అసలు ఖర్చులో కొంత ఎవరూ కట్టలేదన్నమాట. చవక అనే మాట అశ్రద్ధకు అనుమతి పత్రం కాలేదు, ఎందుకంటే ఆ చవకతనమే అశ్రద్ధను పెంచుతుంది.

బేతంచెర్ల చుట్టుపక్కల దారుల వెంట గుట్టలుగా పడి ఉండే రాతిముక్కలు చూసినవాళ్లకు ఇంకో విషయం కూడా తెలుస్తుంది. మిగులు ఇంట్లో మొదలవదు. గనిలో పొర తీసేటప్పుడు, ఫ్యాక్టరీలో అంచులు కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు ప్రతి దశలోనూ కొంత రాయి పోతుంది. కొనేవాడు మచ్చ లేని, మూల విరగని, ఒకే రంగు బండే కావాలని పట్టుబట్టినకొద్దీ పక్కన పారేసే రాయి పెరుగుతుంది. ఇక్కడే వంకర గది ఒక మంచి పాఠం నేర్పుతుంది. వాలుగోడ పక్కన ఎలాగూ బండను ఏటవాలుగా కోయాలి. ఒక మూల విరిగిన బండ అక్కడ చక్కగా సరిపోతుంది. విరిగిన మూల కోతలోనే పోతుంది. చతురస్రపు గది ఒప్పుకోని రాయిని వంకర గది ఒప్పుకుంటుంది. యజ్ఞవేదికకు విరిగిన ఇటుక పనికిరాదన్నారు, నిజమే. కానీ ఆ ఇటుకను వేదిక ఆకారం చూసుకునే తయారు చేస్తారు. మన రాయిని మన గది చూసి ఎవరూ తయారు చేయలేదు. అది మనకంటే ముందే ఉంది. కాబట్టి రాయి గదికి ఒదగాలని మాత్రమే కాకుండా, గది కూడా రాయికి కొంత ఒదగాలని కోరడం న్యాయం. మంచి మేస్త్రీ లోడు దింపగానే అంచు విరిగినవాటిని వేరు చేసి గోడ వారకు, తలుపు చాటుకు, అల్మరా కిందికి కేటాయిస్తాడు. ఆ పనిని కేవలం పొదుపు అని పిలిస్తే దాని విలువ తగ్గించినట్టే. లోపం ఉన్నదానికి కూడా ఒక చోటు ఉంటుందని, దాన్ని వెతికే బాధ్యత చేసేవాడిదని అందులో ఒక నమ్మకం ఉంది. బనగానపల్లె రవ్వలకొండ నుంచి కందిమల్లాయపల్లె దాకా వీరబ్రహ్మేంద్రస్వామిని కొలిచే ఈ సీమలో, ఉలి పట్టిన చెయ్యి భక్తికి దూరమని చెప్పేవాళ్లు లేరు.

మూడో అభ్యంతరం దయ పేరుతో వస్తుంది. కరువు నేల ఇది. గనుల మీద, పాలిష్ ఫ్యాక్టరీల మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. నాలుగు బండలు ఎక్కువ కొంటే వాళ్లకు పని దొరుకుతుంది కదా, లెక్కలు పట్టుకుని కూర్చుంటే పేదవాడి పొట్ట కొట్టినట్టు కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. రాయలసీమలో పని దొరకడం చిన్న విషయం కాదు. అయినా కూలీ మేలు కోరితే అందుకు సూటి దారులున్నాయి: బేరంలో చివరి రూపాయి దాకా పిండకపోవడం, దింపే హమాలీకి, పరిచే మేస్త్రీకి న్యాయమైన కూలి ఇవ్వడం, దుమ్ములో కోసేవాడి ముక్కుకు గుడ్డ కాకుండా సరైన మాస్కు ఉందో లేదో అడగడం. పెరట్లో పడేసే రాయికి పెట్టిన డబ్బులో కూలీకి చేరేది కొంతే. మిగతాది డీజిలుకు, కిరాయికి, గుంతకు పోతుంది. దానం చేయాలనుకున్నవాడు దానమే చేయాలి. వృథాను దానమని పిలవడం వల్ల వృథాకు గౌరవం వస్తుందేమో గానీ దానం జరగదు.

నాలుగో అభ్యంతరం ఎదుటి వైపు నుంచి వస్తుంది. ఇంత నీతి ఉన్నప్పుడు ఆ పదో వంతు కూడా ఎందుకు? 222 అడుగుల గదికి 222 అడుగులే కొని, ఉన్నదాంతో సర్దుకోవచ్చు కదా? నిగ్రహం అంటే అదే కదా? ఇది నిగ్రహంలా కనిపించే అహంకారమని నా అభిప్రాయం. సహజమైన రాయి ఏ రెండు పొరల్లోనూ ఒకే రంగులో ఉండదు. రెండు బండలు తక్కువై మళ్లీ మనిషిని పంపితే అదే పొర దొరక్కపోవచ్చు. దొరికినా ఆ రెండు బండల కోసం మళ్లీ ఒక బండి రావాలి, మేస్త్రీ ఒక రోజు పని ఆపుకోవాలి. రంగు కలవలేదని కొందరు పరిచిన వరుస కూడా ఊడదీస్తారు. తక్కువ కొన్నవాడి నిగ్రహానికి మూల్యం వేరేవాళ్లు చెల్లిస్తారు. తనకు భవిష్యత్తు కచ్చితంగా తెలుసని నటించడం కూడా ఒక రకమైన పరిగ్రహమే, తనది కాని జ్ఞానాన్ని తనదని ఉంచుకోవడం. పూడ్చడానికి విడి మట్టిని అనుమతించిన బౌధాయనుడు ఈ విషయంలో మన కటిక నిష్ఠాపరుల కంటే వివేకవంతుడు.

ఇంత జాగ్రత్త పడినా కొంత మిగులుతుంది. ధర్మానికి చివరి పరీక్ష ఆ మిగులు దగ్గరే. గీత మూడో అధ్యాయం యజ్ఞశేషాన్ని తినేవాళ్లు పాపం నుంచి విడివడతారనీ, తమ కోసమే వండుకునేవాళ్లు పాపాన్నే తింటారనీ చెబుతుంది. ముందు ఇతరులకు చేరి, తర్వాత మిగిలిందే శుద్ధం. బౌద్ధ వినయపిటకంలో ఉన్న కథ దీన్ని ఇంకా కిందికి, నేల దాకా తీసుకొస్తుంది. కౌశాంబి రాజు ఉదయనుడి రాణులు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి 500 వస్త్రాలు ఇచ్చారు. ఒక భిక్షువుకు ఇన్ని ఎందుకని రాజు వచ్చి అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి పాతవేం చేస్తారు? పక్కదుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలేబులు. అవీ పాతబడితే? నేల మీద పరుస్తాం. తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టాలు, తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు, చివరికి ముక్కలు చేసి మట్టితో కలిపి నేల అలుకుతాం. రాజు తృప్తిపడి మరో 500 ఇచ్చాడు. అంటే సంఖ్య పెద్దదైనంత మాత్రాన తప్పు కాలేదు. ప్రతి గుడ్డ చివరి పోగు దాకా ఎక్కడికి వెళ్తుందో ఆనందుడి దగ్గర జవాబు ఉండడమే ఆ సంఖ్యను శుద్ధి చేసింది. సీమ పల్లెల్లో పాత అలవాట్లు దీనికి దగ్గరగానే ఉండేవి. మిగిలిన బండ అరుగయ్యేది, బట్టలుతికే రాయయ్యేది, తొట్టికి గోడయ్యేది, చిన్న ముక్కలు వాకిట్లో అడుసు తొక్కకుండా మెట్టయ్యేవి. ఇప్పుడు లారీ వస్తే చాలు, మిగిలింది ఊరి బయట వంకలో పడుతుంది. వాన వచ్చినప్పుడు వంక నీళ్లకు దారి ఉండదు.

కాబట్టి బండలకు ఆర్డరు పెట్టే ముందు ఇంటివాళ్లు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. గదిని ముక్కలుగా విడగొట్టి నా కళ్ల ముందు కొలిపించానా? దాని మీద కలిపిన ప్రతి అడుగుకూ కోతో, విరగడమో, రేపటి మరమ్మత్తో ఏదో ఒక కారణం ఉందా? చివరికి మిగిలే బండ ఎక్కడికి వెళ్తుందో ఇప్పుడే చెప్పగలనా? మూడింటికీ అవుననగలిగితే ఎన్ని బండలు కొన్నా అది పరిగ్రహం కాదు. ఏ ఒక్కదానికి నోరు రాకపోతే, ఒక్క బండ ఎక్కువైనా అది పరిగ్రహమే. ఇవి నేల పరిచేటప్పుడే అడగాల్సినవి కావు; బియ్యానికి, బంగారానికి, భూమికి కూడా ఇవే వర్తిస్తాయి. అక్కడ కొలత కష్టం కాబట్టి తప్పించుకోవడం సులువు. గది దగ్గర కొలత సులువు కాబట్టి, అభ్యాసం ఇక్కడే మొదలుపెట్టాలి. మనసులో 'నాకు చాలు' అనుకోవడం ఎవరికైనా వస్తుంది. ఎంతకు చాలో అంకె వేసి, ఆ అంకెకు కారణం చూపి, మిగిలినదానికి బాధ్యత వహించినప్పుడే ఆ మాటకు అర్థం ఉంటుంది.